పిల్లల సెగ్గడ్డ: పిండకండి, కాపడం పెట్టండి



ఎండలు ముదిరాయంటే పిల్లలున్న ఇళ్లలో ఒక ఏడుపు వినబడుతుంది. తల్లి స్నానం చేయిస్తూ ఒళ్లు రుద్దబోతుంది. పిల్లవాడు ఒక్కసారిగా మెలికలు తిరిగిపోతాడు. తీరా చూస్తే తొడ మీదో, పిరుదు మీదో, మెడ వెనకో ఎర్రగా, గట్టిగా ఒక గడ్డ. ముట్టుకోనివ్వడు. సరిగ్గా కూర్చోలేడు. రాత్రంతా ఒకటే సలుపు. అదే సెగ్గడ్డ.

ఇక ఇంట్లో తలా ఒక మాట. అమ్మమ్మ సున్నం, బెల్లం కలిపి పట్టు వేయమంటుంది. పక్కింటావిడ వచ్చి చూసి, “పండినట్టే ఉంది, నొక్కేస్తే పోతుంది” అంటుంది. తండ్రి మందుల షాపుకు వెళ్లి ఒక ట్యూబు పట్టుకొస్తాడు. అందరిదీ ప్రేమే. కానీ ఎవరి మాట వినాలో తల్లికి తోచదు. ఆ తల్లి కోసమే ఈ ప్రసంగం.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇది. సెగ్గడ్డను పిండకూడదు. కాపడం పెట్టాలి. ఈ పదిహేను నిమిషాల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది. చెయ్యి ఊరుకోదు కాబట్టి పదేపదే చెప్పుకోక తప్పదు.

అసలీ గడ్డ ఎలా పుడుతుంది? ఒంటి మీద ప్రతి వెంట్రుకా చర్మంలో ఒక చిన్న గుంటలోంచి మొలుస్తుంది. ఆ గుంటలోకి ఒక సూక్ష్మజీవి దిగి లోపల పెరగడం మొదలుపెడుతుంది. దాన్ని చంపడానికి రక్తంలోని తెల్లకణాలు అక్కడికి పరిగెత్తుకొస్తాయి. చచ్చిన సూక్ష్మజీవులు, చచ్చిన తెల్లకణాలు, దెబ్బతిన్న కండ, ఇవన్నీ కలిసిందే చీము. అది లోపల పేరుకుని నలువైపులా ఒత్తుతుంది. బిడ్డకు సలుపు పుట్టేది ఆ ఒత్తిడి వల్లే.

ఈ సంగతి మనకు తెలిసి ఎంతో కాలం కాలేదు. 1880లో స్కాట్లాండులోని ఆబర్డీన్ పట్నంలో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే శస్త్రవైద్యుడు ఒక రోగి గడ్డలోంచి తీసిన చీమును మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. గుండ్రటి చిన్న చిన్న జీవులు ద్రాక్షగుత్తుల్లా గుంపులు కట్టి కనబడ్డాయి. రెండేళ్ల తర్వాత ఆయనే వాటికి స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్త లండన్‌లో పెన్సిలిన్ మందును కనిపెట్టినప్పుడు ఆయన పళ్లెంలో పెంచుతున్నవి కూడా ఈ జాతి జీవులే. మన పిల్లవాడి తొడ మీద లేచిన గడ్డకు కారణం ఎక్కువగా ఇవే.

ఇవి ఎక్కడి నుంచో ఊడిపడవు. పదిమంది ఆరోగ్యవంతుల్ని నిలబెడితే అందులో సుమారు ముగ్గురి ముక్కులో ఇవి కాపురముంటాయి. వాళ్లకు ఏ బాధా ఉండదు. వేసవిలో పిల్లలకు చెమటకాయలు లేస్తాయి. దురద పుడుతుంది. ముక్కులో పెట్టుకున్న వేలితోనే పిల్లవాడు వీపు గోక్కుంటాడు. గోరు గీసిన చోట చర్మం తెగుతుంది, సూక్ష్మజీవి లోపలికి దిగుతుంది. దోమకాటు గోకినా అంతే. బిగుతు నిక్కరు ఒరుసుకున్నా అంతే.

మరి మామిడిపళ్లు తింటే వేడి చేసి గడ్డలు లేస్తాయంటారు కదా? గడ్డలు లేచే కాలమూ మామిడిపళ్ల కాలమూ ఒకటే కావడంతో ఆ నింద పండు మీద పడింది. గడ్డ పుట్టించేది చెమట, గోకుడు, సూక్ష్మజీవి. మామిడి సొన మాత్రం మూతి చుట్టూ అంటుకుంటే చర్మం పొక్కుతుంది, ఆ పొక్కును పిల్లలు గోకుతారు. కాబట్టి పండును కాసేపు నీళ్లలో నానబెట్టి, ముచ్చిక దగ్గర సొన పిండేసి, తిన్నాక మూతి కడిగితే చాలు. బిడ్డ నోటి దగ్గర పండు లాక్కోనక్కర్లేదు.

ఇప్పుడు గడ్డ నడక చూద్దాం. మొదటి రెండు మూడు రోజులు అది పచ్చిగడ్డ. గట్టిగా, ఎర్రగా, వేడిగా ఉంటుంది. తర్వాత మెల్లగా పండుతుంది. నడుమ మెత్తబడి, పైన పసుప్పచ్చగానో తెల్లగానో మొన తేలుతుంది. చాలా గడ్డలు వారం తిరిగేలోపు వాటంతట అవే చితికి చీము కారి తగ్గిపోతాయి. పూర్తిగా మానడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. గడ్డ పచ్చిగా ఉందా, పండుతోందా, పండిందా అని తేల్చుకోవడం గురించి ప్రాచీన వైద్యగ్రంథమైన సుశ్రుత సంహితలో ఒక అధ్యాయమే ఉంది. అంత పాత రోజుల్లోనే మన వైద్యులు పచ్చిగడ్డ మీద కత్తి పెట్టడానికి జంకారు.

గడ్డ తొందరగా పండాలన్నా, సలుపు తగ్గాలన్నా ఇంట్లో చేయగలిగిన మంచి పని కాపడం. వేడి తగిలితే ఆ చోటికి రక్తం బాగా వస్తుంది. రక్తంతో పాటే తెల్లకణాలూ వస్తాయి. గడ్డ మెత్తబడి చీము బయటికి దారి చేసుకుంటుంది. కాపడం ఎలా పెట్టాలో కొంచెం నింపాదిగా చెప్పుకుందాం. వంట చేస్తూ వింటున్నవాళ్లు ఒక్క క్షణం పొయ్యి తగ్గించండి.

ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. శుభ్రంగా ఉతికిన మెత్తటి నూలు గుడ్డ ఒకటి తీసుకోండి. పాత పంచె ముక్కయినా పనికొస్తుంది. గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోయండి. వంట చేసి చేసి అమ్మల వేళ్లు వేడికి అలవాటు పడిపోయి ఉంటాయి. మీ వేళ్లకు గోరువెచ్చగా తోచిన నీళ్లు బిడ్డ చర్మాన్ని కాల్చవచ్చు. అందుకని వేళ్లతో చూడకండి. మణికట్టు లోపలి వైపు నాలుగు చుక్కలు పోసుకుని చూడండి. అక్కడ హాయిగా ఉంటేనే సరైన వేడి. గుడ్డ ముంచి, నీళ్లు కారకుండా పిండి, గడ్డ మీద పరవండి. అదమకండి, ఊరికే ఆనించండి. చల్లారితే మళ్లీ ముంచండి. ఇలా ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాలు. రోజుకు మూడు నాలుగు సార్లు. ఆ పావుగంట బిడ్డను కూర్చోబెట్టడమే కష్టం. కథ చెప్పండి, బొమ్మ ఇవ్వండి, ఒళ్లో పడుకోబెట్టుకోండి. కాపడం అయ్యాక తడి మెల్లగా అద్ది, ఆ గుడ్డను వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. అదే గుడ్డతో ఇంకొక బిడ్డ మొహం తుడవకండి.

వేడి ఇటుక, పెనం మీద కాల్చిన గుడ్డ, మరుగునీళ్ల సీసా, ఇవి పిల్లలకు వద్దు. గడ్డ మాట అటుంచి కాలిన పుండు మిగులుతుంది.

మళ్లీ చెప్పుకుందాం. గోరువెచ్చటి గుడ్డ, పావుగంట, రోజుకు మూడు నాలుగు సార్లు.

మరి పిండితే ఏమవుతుంది? ఒళ్లు ఆ చీము చుట్టూ ఒక గోడ కట్టుకుంటుంది. రోగం దాటి పోకుండా అది ఆపుతుంది. మనం రెండు వేళ్ల మధ్య గడ్డను నొక్కినప్పుడు పైకి కాస్త చీము వస్తుంది, నిజమే. కానీ ఆ గోడ లోపలి వైపు కూడా చిట్లుతుంది. చీము పక్క కండలోకి, ఒక్కోసారి రక్తంలోకి పాకుతుంది. పిన్నీసుతో పొడిచినా, ముల్లుతో గుచ్చినా ఇదే ప్రమాదం. పైగా ఆ పిన్నీసు మీద ఉన్న మురికి కూడా లోపలికి పోతుంది.

మొహం మీద లేచిన గడ్డయితే ఇంకా జాగ్రత్త. ముక్కు, పై పెదవి, వాటి చుట్టుపక్కల ఉన్న రక్తనాళాలకు మెదడు దగ్గరి నాళాలతో సంబంధం ఉంది. 1915లో మాస్కోలో అలెగ్జాండర్ స్క్రియాబిన్ అనే పేరుమోసిన రష్యన్ సంగీతకారుడు చనిపోయాడు. వయసు 43. ఆయన పై పెదవి మీద ఒక కురుపు లేచింది, దాని నుంచి రక్తమంతా విషమైంది. అప్పటికి యాంటీబయాటిక్ మందులు లేవు. ఇప్పుడు ఉన్నాయి, సమయానికి వెళితే ప్రమాదం తప్పుతుంది. అందుకే ముక్కు మీద, పెదవి మీద, కంటి దగ్గర గడ్డ లేస్తే ఇంటి వైద్యం పెట్టుకోకండి. అదే రోజు డాక్టరుకు చూపించండి.

ఇక అమ్మమ్మ పట్టు సంగతి. పెద్దల మాటలో ఒక నిజం ఉంది. గడ్డకు వేడి మంచిదని వాళ్లు అనుభవంతో గ్రహించారు. వేపాకు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా చల్లార్చి కాపడానికి వాడినా తప్పు లేదు, అక్కడ పనిచేసేది ముఖ్యంగా ఆ వేడే. కానీ సున్నం మాత్రం వద్దు. సున్నానికి చర్మాన్ని కాల్చే గుణం ఉంది. పెద్దవాళ్ల మొరటు చర్మం తట్టుకున్నా, పసి చర్మం పొక్కిపోతుంది. అప్పుడు గడ్డ బాధకు పుండు బాధ తోడవుతుంది. బూడిద, పేడ, మట్టి అసలే వద్దు. చితికిన గడ్డ మీద అవి పడితే ధనుర్వాతం క్రిములు లోపలికి పోయే వీలుంది. అమ్మమ్మ మనసు నొచ్చుకోకుండా ఒక పని చేయండి. కాపడం పెట్టే బాధ్యత ఆవిడకే అప్పగించండి. ఆవిడ ఓపిక మనకెవరికీ ఉండదు.

బిడ్డ నొప్పి ఓర్చుకోలేకపోతే పారాసెటమాల్ ఇవ్వవచ్చు. ఇక్కడ ఒక చిన్న విషయం, కానీ చాలా ముఖ్యం. ఈ మందు వయసును బట్టి కాదు, బరువును బట్టి ఇవ్వాలి. 10 కిలోల బిడ్డకు ఒకసారికి 100 నుంచి 150 మిల్లీగ్రాములు. ఇప్పుడు సీసా చేతిలోకి తీసుకుని చీటీ చదవండి. కొన్ని సిరప్‌లలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కొన్నిటిలో అదే 5 మిల్లీలీటర్లకు 250 ఉంటుంది. సీసా ఒకేలా ఉంటుంది, రంగూ ఒకేలా ఉంటుంది, మందు మాత్రం రెట్టింపు. మొదటి సీసా నుంచి 10 కిలోల బిడ్డకు 5 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది. రెండో సీసా నుంచి అంతే పోస్తే ఎక్కువైపోతుంది. వంటింటి చెంచాతో కొలవకండి, సీసాతో వచ్చిన కొలత మూత వాడండి. ఒకసారి ఇచ్చాక కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. రోజు మొత్తంలో నాలుగుసార్లకు మించకూడదు. పిల్లలకు ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకండి.

ఒక రోజు పొద్దున పక్క మీద మరక కనబడుతుంది. గడ్డ చితికింది. భయపడకండి, బిడ్డకు నొప్పి సగం తగ్గేది అప్పుడే. చేతులు కడుక్కుని, కారిన చీమును శుభ్రమైన గాజుగుడ్డతో మెల్లగా తుడవండి. సబ్బు, నీళ్లతో చుట్టూ కడగండి. మిగిలింది కూడా రావాలని నొక్కకండి. పొడి గాజుగుడ్డ వేసి పట్టీ అంటించండి. తడిసినప్పుడల్లా మార్చండి. తీసిన పట్టీని కవరులో చుట్టి చెత్తబుట్టలో వేయండి. కాపడం ఇంకో రెండు మూడు రోజులు పెడితే మిగిలిన చీము దానంతట అదే వస్తుంది. చీము ఆగి, గుంట పూడి, పక్కు కడుతుంది. ఆ పక్కు గిల్లనివ్వకండి.

చీము కారే రోజుల్లో ఇంట్లో మిగతా పిల్లల్ని కాపాడుకోవాలి. ఆ చీము నిండా సూక్ష్మజీవులే. బిడ్డకు వేరే తువ్వాలు పెట్టండి. పక్కబట్టలు, లోబట్టలు వేడినీళ్లలో ఉతికి మండే ఎండలో వేయండి. గోళ్లు కత్తిరించండి. పట్టీ మీద నుంచి చీము బయటికి కారనంతవరకు, జ్వరం లేనంతవరకు పిల్లవాడు బడికి వెళ్లవచ్చు. ఈత కొలనుకు మాత్రం గడ్డ మానేదాకా పంపకండి.

ఇప్పుడు మందుల షాపు ట్యూబు గురించి. షాపులో చాలాసార్లు చేతికి వచ్చేవి మూడు నాలుగు మందులు కలిపిన క్రీములు. వాటిలో ఒకటి స్టెరాయిడ్ అయి ఉంటుంది. స్టెరాయిడ్ ఎర్రదనాన్ని, దురదను అణచిపెడుతుంది. చూసేవాళ్లకు తగ్గినట్టే ఉంటుంది. కానీ ఆ చోట రోగంతో పోరాడే శక్తిని కూడా అది అణచిపెడుతుంది. లోపల గడ్డ పెద్దదవుతుంది. డాక్టరు రాయకుండా ఆ ట్యూబులు బిడ్డ ఒంటికి పూయకండి.

పోయినసారి జ్వరానికి రాసిన యాంటీబయాటిక్ సిరప్ ఫ్రిజ్‌లో మిగిలి ఉంటుంది. అది కూడా వద్దు. చిన్న గడ్డలు చాలావాటికి యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. పెద్ద గడ్డకయితే మందు ఒక్కటే చాలదు, ఎందుకంటే చీము నిండిన గుంటలోకి రక్తం సరిగా పారదు, రక్తంతో వెళ్లాల్సిన మందు కూడా అక్కడికి సరిగా చేరదు. ముందు చీము బయటికి పోవాలి. ఇంకో నష్టం కూడా ఉంది. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్ 1959లో వాడుకలోకి వస్తే, దానికి లొంగని స్టెఫిలోకాకస్ 1961 నాటికే ఇంగ్లాండులో బయటపడింది. అవసరం లేకుండా, అరకొరగా మందు వాడిన ప్రతిసారీ ఇలాంటి మొండి జాతులకు మనమే బలం ఇస్తున్నాం.

పెద్దవాళ్లకు రాసిన మాత్రను విరిచి పిల్లలకు ఇచ్చే ఇళ్లు కూడా ఉన్నాయి. అదీ పొరపాటే. ఒక ఉదాహరణ చూడండి. మన భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ మందుల సంస్థ పరిశోధనలకు అధిపతిగా ఉన్న కాలంలో, 1948లో, అక్కడి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది మొదటి మందు, కోట్లమందికి మేలు చేసిన కుటుంబం అది. అంత మంచి మందు కూడా 8 ఏళ్లలోపు పిల్లలకు ఇస్తే పళ్లకు మాయని మరక పట్టవచ్చు. పెద్దలకు మేలు చేసిందల్లా పిల్లలకు పడదు. ఏ బిడ్డకు ఏ మందు అన్నది డాక్టరు తేల్చాల్సిందే.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సిన భాగం. ఇంటి వైద్యం ఎప్పుడు ఆపాలి?

ఏడాది నిండని బిడ్డకు గడ్డ లేస్తే ఇంట్లో ఉంచుకోకండి. మూడు నెలల లోపు పసికందయితే, అందులోనూ జ్వరం ఉంటే, ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి. మొహం మీది గడ్డ గురించి ముందే చెప్పుకున్నాం. వెన్నెముక మీద, మర్మాంగాల దగ్గర, మలద్వారం పక్కన లేచినా డాక్టరుకు చూపించాలి.

పెద్ద పిల్లలకయితే గడ్డ చుట్టూ ఉన్న ఎరుపును గమనించండి. ఒక చిట్కా ఉంది. సాయంత్రం ఆ ఎరుపు అంచు వెంట బాల్‌పెన్నుతో మెల్లగా గీత గీయండి. పొద్దున చూడండి. ఎరుపు గీత లోపలే ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. గీత దాటి బయటికి పాకితే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. గడ్డ నుంచి ఎర్రటి చార ఒకటి పైకి సాగినా, జ్వరం వచ్చినా వెళ్లాలి. తొడ మీద గడ్డ ఉంటే గజ్జల్లో, చేతి మీద ఉంటే చంకలో బిళ్ల కట్టడం మామూలే. కానీ ఆ బిళ్ల కూడా ఎర్రబడి నొప్పి పెడితే చూపించాలి. రెండు మూడు రోజులు సరిగ్గా కాపడం పెట్టినా గడ్డ పెరుగుతూనే ఉంటే, వారమైనా చితక్కపోతే, అప్పుడు కూడా వెళ్లాలి.

బిడ్డ మగతగా పడి ఉండి, పలకరిస్తే సరిగా పలకకపోయినా, పాలు తాగకపోయినా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, ఒళ్లు చల్లబడినా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా సరే.

డాక్టరు గడ్డ కోస్తారేమోనని చాలామంది తల్లులు వెళ్లడానికే భయపడతారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ అక్కడ జరిగేది ఇది. గడ్డ చుట్టూ మత్తు సూది ఇస్తారు. చిన్న గాటు పెట్టి చీము తీసేస్తారు. గుంట శుభ్రం చేసి కట్టు కడతారు. ఆ కాసేపు బిడ్డ ఏడుస్తుంది, నిజమే. కానీ మూడు రాత్రులు నిద్రపోని బిడ్డ ఆ రాత్రి కంటినిండా నిద్రపోతుంది. వంటింట్లో వేళ్లతో నొక్కడానికీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. అక్కడ చీముకు బయటికి దారి చేస్తారు. ఇక్కడ మనం లోపలికి తోస్తాం.

చివరగా, ఒకటి మానేలోపు ఇంకొకటి లేచే పిల్లల సంగతి. వీళ్ల ఇంట్లో ఎవరో ఒకరి ముక్కులో ఆ సూక్ష్మజీవి కాపురముండి ఉండవచ్చు. అలాంటప్పుడు డాక్టరు ఒక్క బిడ్డకే కాకుండా ఇంటిల్లిపాదికీ ముక్కులో రాసే మందు, స్నానానికి ప్రత్యేకమైన సబ్బు కొన్నాళ్లు వాడమనవచ్చు. అది అందరూ ఒకేసారి వాడాలి, ఒకరు మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. బిడ్డకు రక్తం తక్కువగా ఉందేమో, తిండి చాలడం లేదేమో కూడా చూస్తారు. ఇంకొకటి గమనించండి. గడ్డలతో పాటు బిడ్డ అదే పనిగా నీళ్లు తాగుతూ, మాటిమాటికీ ఒంటికి వెళుతూ, పక్క తడపడం మానేసిన పిల్లవాడు మళ్లీ పక్క తడుపుతూ, తిన్నా చిక్కిపోతూ ఉంటే అది చక్కెర వ్యాధి కావచ్చు. చక్కెర వ్యాధి పెద్దవాళ్లకే అనుకోకండి, చిన్న పిల్లలకూ వస్తుంది. వాళ్లలో అది రోజుల్లోనే ముదురుతుంది. వేలి మీద చిన్న సూదిపోటు, ఒక్క రక్తపు చుక్క, నిమిషంలో తెలిసిపోతుంది. మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ పరీక్ష చేయమని అడగండి. ఎలా వెళ్లాలో, ఎవరిని కలవాలో తెలియకపోతే మీ వీధి ఆశా కార్యకర్తను పిలవండి. ఆ అమ్మాయి మీతో పాటు వస్తుంది.